పెడల్స్ విడిగా కొనాలట!

బావగారికి,

నమస్కారం మాత్రం పెడుతున్నాను. గౌరవం ఈసారికి జతచెయ్యడం లేదు. ఫోన్ చేస్తే మీరు నవ్వేసి మాట మారుస్తారు, అందుకే ఉత్తరం.

మీ ఇంట్లోకి రేసు సైకిల్ దిగిందట. ధర వినగానే మా ప్రెస్సులో మిషను ఆపేసి కూలబడ్డాను. ఆ డబ్బుకి పాత కారు వస్తుంది! దానికి స్టాండు లేదు, బెల్లు లేదు, సంచీ పెట్టుకోడానికి వెనక క్యారియరూ లేదు. ఇంకా ఘోరం, పెడల్స్ విడిగా కొనాలట! రేపు ఎవడో చెప్పులకి అడుగులు విడిగా అమ్ముతాడు, అవీ కొనండి. తేలిగ్గా ఉంటుందని అంత ధరట. రోజూ రెండు ముద్దలు తగ్గిస్తే అంతకి అంత బరువు మీ పొట్ట మీదే తగ్గుతుంది, ఉచితంగా.

అక్కని అడిగితే, "అవున్రా, నా జీతం డబ్బే" అంది, పైగా సంబరంగా! పొద్దస్తమానం ల్యాబులో నెత్తురు పరీక్షలు చేసేది ఆమె, ఊరేగేది మీరు. ఆదివారంలోగా సైకిల్ వాపసివ్వకపోతే అక్కని మా ఇంటికి తీసుకొచ్చేస్తాను.

ఇట్లు,
మండిపోతున్న మీ బావమరిది

తా.క. "ఆడదాని కష్టం, మగవాడి షికారు" అన్న నా కరపత్రం ఇందులో పెట్టాను. అందులో "ఒక పెద్దమనిషి" అంటే మీరే.

* * *

చిరంజీవి అగ్గిపుల్లకి,

ఆశీస్సులు. నన్ను పెద్దమనిషి అన్నావు, సంతోషం. డ్రాయింగ్ మాస్టారుని మా బళ్ళో ఇంతవరకూ ఎవరూ అలా అనలేదు.

వాపసివ్వడం నా చేతిలో లేదు. సైకిల్‌ది ఇప్పుడు సోఫా మీద చోటు, నాది నేల మీద. తెల్లారకముందే తొక్కుడు మొదలు. వచ్చాక కాళ్ళకి నూనె, మర్దన. వంటింట్లో అన్నీ ఉడకబెట్టినవే. ఆదివారం కొండ రోడ్డు మీద పోటీ ఉంది. అదయ్యేదాకా నన్నేమీ అడక్కు, మాటిచ్చాను.

ఇట్లు,
మీ బావ

తా.క. పెడల్స్ సంగతి నిజమే. షాపులో నేనూ నీలాగే అరిచాను.

* * *

బావగారికి,

ఈసారి నమస్కారం కూడా లేదు.

అక్క చేత కాళ్ళు పట్టించుకుంటున్నారా! పైగా వంట కూడా మీ సైకిల్‌కి సరిపడేట్టు ఉడకబెట్టిస్తారా! నేల మీద కూర్చుంటున్నారని మీ మీద జాలిపడాలా?

ఆదివారం నేనే వస్తున్నాను. కొండ పైమలుపులో నిలబడి, పోటీకొచ్చిన ప్రతి సోగ్గాడి చేతిలోనూ నా కొత్త కరపత్రం పెడతాను: "ఈ సైకిల్ ఎవరి చెమట?" సాయంత్రం అక్కని తీసుకుపోతాను. బట్టలు సర్ది ఉంచమనండి.

ఇట్లు,
మీ బావమరిది (ఆదివారం దాకా)

తా.క. మా ఓనరు మిగిలిపోయిన క్యాలెండర్ కాగితం ఇచ్చాడు. బాగా మందం. సత్యం సులువుగా చిరగకూడదు.

* * *

చిరంజీవి అగ్గిపుల్లకి,

తప్పకుండా రా. పైమలుపులో గాలి ఈడ్చి కొడుతుంది, స్వెట్టర్ వేసుకో.

ఇట్లు,
మీ బావ

తా.క. కరపత్రాలు ఎక్కువే తెచ్చుకో. పనికొస్తాయి.

* * *

బావగారికి,

జయం!

మీ సైకిల్ జాతిని తక్కువ అంచనా వేశానని ఒప్పుకుంటున్నాను. రొప్పుతూ పైకొచ్చినవాళ్ళు చెయ్యి చాచి మరీ అందుకున్నారు. చదివే తీరిక లేక చొక్కా జిప్పు లాగి గుండెల మీద దాచుకున్నారు! హెల్మెట్టూ, సగం మొహాన్ని మూసే నల్లద్దాలూ పెట్టుకున్న ఓ సన్నటి కుర్రాడైతే రెండు లాక్కుని, నా నెత్తిన ఆప్యాయంగా ఓ మొట్టికాయ వేసి పోయాడు. దేశానికి అలాంటి యువకులే ఆశ.

మీరు మాత్రం కనబడలేదు. దారిలోనే చతికిలబడ్డారని అర్థమైంది. దారికి అడ్డమని వలంటీర్లు నన్ను వ్యానెక్కించి బస్టాండులో దింపేశారు కాబట్టి అక్క మీ ఇంట్లో ఇంకా ఉంది. వచ్చే వారం వస్తాను.

ఇట్లు,
విజేత

తా.క. ఆ కుర్రాడి పేరు కనుక్కోండి. మా సంఘంలో చేర్చుకుంటాను.

* * *

ఒరేయ్ అగ్గిపుల్లా,

ఆ కుర్రాణ్ణి నేనేరా. మొట్టికాయ సరిపోలేదని ఉత్తరం రాస్తున్నాను.

సైకిల్ నాది. జీతం ఎవరిదని అడిగావు, చెప్పాను. సైకిల్ ఎవరిదని అడిగావా? మీ బావ ఎక్కితే ఆ సైకిలే ఏడుస్తుంది. కాళ్ళు నావి, నూనె రాసిందీ, ఉడకబెట్టిందీ ఆయన. ముందే తెలిస్తే నా చెవి దగ్గర ఉపన్యాసం పెడతావని నేనే చెప్పనివ్వలేదు. "మీ తమ్ముడు నా బారి నుంచి నిన్ను విడిపించడానికి వస్తున్నాడు" అని వారమంతా నవ్వుతూనే ఉన్నారు.

ధర విషయంలో నువ్వన్నదే నిజం. అది అంత చెయ్యదు. గీతలు పడ్డ ఇనప సైకిల్ మీద ఒకావిడ నన్ను దాటిపోయింది, బెల్లు కొట్టి మరీ! కానీ నా డబ్బు నేనే తగలేసుకున్నాను. ఆ హక్కు గురించి నీ కరపత్రాల్లో ఒక్క ముక్కా లేదేం?

ఇంకోటి. వాళ్ళు గుండెలకి హత్తుకున్నది నీ మాటల్ని కాదు. కొండ దిగేటప్పుడు చెమట మీద చలిగాలి కొడితే ఛాతీ పట్టేస్తుంది. అందుకని చొక్కాలో కాగితం దోపుకుంటాం. నువ్వు ఇన్నాళ్ళు అచ్చేసినవాటిలో ఆడదానికి పనికొచ్చింది ఇదొక్కటే.

ఇట్లు,
ఎవరూ విడిపించనక్కర్లేని మీ అక్క

తా.క. ఇంకు ఆరకుండానే పట్టుకొచ్చావు కదూ? "ఈ సైకిల్ ఎవరి చెమట?" అన్న నీ ప్రశ్న నా పొట్ట మీద తిరగేసి అచ్చయింది. మీ బావ సబ్బుతో రుద్దినా పోవడం లేదు. జవాబు దొరికినట్టేగా?