కిటికీలో ఎవరి తప్పు?

ప్రియమైన అక్కకి,

క్షేమ సమాచారాలు అడగను, కోపంలో ఉన్నాను. కుట్టుమిషన్లు బాగుచేసే నా కొట్టుకి ఎదురుగా పెద్ద షోరూము తెరిచారు. పాతది ఇచ్చి కొత్తది పట్టుకుపొమ్మంటున్నారు. వారం నుంచి నా మెట్లెక్కింది వీధికుక్క ఒక్కటే. గది యజమాని నిన్నొచ్చి, "నెలాఖరుదాకా చూస్తానబ్బాయ్. ఇలాగే ఈగలు తోలుకుంటుంటే తాళాలిచ్చెయ్, షోరూము వాళ్ళకి గోడౌను కావాలట" అన్నాడు.

చిన్న వ్యాపారాలకి ప్రచారం నేర్పుతానని బోర్డు పెట్టుకున్నావుగా. సొంత తమ్ముడికి ఒక్క ఉపాయం చెప్పు. చిరునవ్వుతో పలకరించు, రంగుకాగితాలు పంచు అన్నావంటే ఉత్తరం చించేస్తాను.

నీ తమ్ముడు

ఒరేయ్ మొండిఘటం,

రంగుకాగితాలు వద్దులే. నువ్వు విప్పి పారేసే ముక్కలున్నాయే, అరిగిన పళ్ళచక్రాలు, కింది దారం తిప్పే షటిళ్ళు విరిగినవి, వాటిని కడిగి కిటికీలో పెట్టు. ఒక్కోదాని కింద అది ఎందుకు పాడైందో ఒక్క వాక్యం రాయి. జనానికి కొత్త సరుకు కన్నా పక్కవాళ్ళ మిషను ఎలా చెడిందో తెలుసుకోవడం సరదా. చదివినవాళ్ళు ఇంటికెళ్ళి తమ మిషను మూత తీసి చూసుకుంటారు. ఆ తర్వాత వచ్చేది నీ దగ్గరికే.

ఎవరి మిషనో మాత్రం తెలియనివ్వకు. నెలాఖరు సోమవారం మా ఊరి వర్తకులు ఆరుగురిని నీ కిటికీ చూడ్డానికి పంపిస్తున్నాను.

ముద్దులతో, అక్క

అక్కా,

నీ ఉపాయం పారింది. నన్ను ముంచింది కూడా.

మూడు రోజులు కిటికీ ముందు ఇసకేస్తే రాలలేదు. నవ్వుకుంటూనే మిషన్లు మోసుకొచ్చారు. నాకు పొగరెక్కింది. ఒక విరిగిన షటిల్ కింద ఇలా రాశాను: "పన్నెండు మిషన్లున్నా చుక్క నూనె పోసే తీరిక లేదు." పేరు రాయలేదుగా అనుకున్నా. ఈ చుట్టుపక్కల పన్నెండు మిషన్లున్నది యూనిఫారాలు కుట్టించే మేడమ్ ఒక్కరికే!

ఆవిడ చదివింది. లోపలికొచ్చి పదిమంది ముందు, "ఏరా, నువ్వు పని నేర్చుకునేటప్పుడు మొదటి మిషను ఎవరిచ్చార్రా? కిటికీలో ఆరేయడానికి నా పరువే దొరికిందా?" అంది. కిటికీలోంచి షటిల్ తీసి నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. ఆవిడ దగ్గర కుట్టే ఆడవాళ్ళంతా ఇంటి మిషన్లు కూడా వెనక్కి పట్టుకుపోయారు. కిటికీ ఖాళీ చేస్తున్నాను. నీ వర్తకుల్ని రావద్దను.

తమ్ముడు అని రాయడానికీ మనసొప్పడం లేదు.

తమ్ముడూ,

వాళ్ళని ఆపలేను. నిజం చెబుతాను, నవ్వకు. బోర్డు పెట్టి ఏడాదైంది, ఒక్కరూ నా మాట విని పని మొదలుపెట్టలేదు. చూపించుకోవడానికి నాకు నీ కిటికీ తప్ప ఏమీ లేదు. సోమవారం అది ఖాళీగా ఉంటే నా బోర్డు దింపేయడమే. మేడమ్ కాళ్ళు పట్టుకుంటావో, ఏం చేస్తావో. ముందు ఒకటి చెప్పు: నూనె లేకే విరిగిందని చూశావా, ఊహించావా?

అక్క

అక్కా,

నీ చివరి ప్రశ్నకి ఒళ్ళు మండింది. నిరూపిద్దామనే షటిల్‌ని దీపం కింద పెట్టాను. నూనె లేకపోతే నల్లగా కాలిన గీత ఉండాలి. లేదు. కొస మీద సూది పొడిచిన గంటు ఉంది. క్రితంసారి సూది కడ్డీని మరీ కిందికి బిగించింది నేనే. విరగ్గొట్టింది నేను.

ఆ షటిల్ ఒక్కటే కిటికీలో పెట్టి, "ఇది నేను చెడగొట్టాను. మిషనుగలవాళ్ళ తప్పు లేదు" అని రాశాను. మేడమ్ ఇంటికెళ్ళి అదే మాట చెప్పాను. తలుపు మొహాన వేసింది.

సోమవారం నీవాళ్ళు దిగారు. "ఈ ఉపాయం మీ అక్కదేనా?" అన్నాడొకాయన. "కాదు. ఎదుటివాళ్ళ తప్పులు పెట్టమంది అక్క. ఇది నాది" అన్నాను. ఏం చెయ్యను, నా నోరు అలాంటిది. ఐదుగురు నవ్వుకుంటూ వ్యానెక్కారు. ఆయనొక్కడే నీ చిరునామా రాసుకున్నాడు. తిడతాడో, పని ఇస్తాడో తెలియదు.

అంతలో యజమాని తాళాలకొచ్చాడు. చేతికివ్వబోతుంటే మెట్ల ముందు తోపుడుబండి ఆగింది. పక్కన మేడమ్, బండి మీద ఆ షటిల్ విరిగింది పోను మిగతా పదకొండు మిషన్లు.

"ఇవన్నీ వీడు బిగించినవే. నా కళ్ళ ముందు ఒక్కోటీ విప్పుతాడు" అని స్టూలు లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"మరి తాళాలమ్మా?" అన్నాడు యజమాని.

"వీడి తప్పులన్నీ దొరికాక రండి" అంది.

ఇప్పటికి ఆరు విప్పాను. రెండింటిలో తప్పు నాదే. ఆవిడింకా లేవలేదు.

చేతుల నిండా గ్రీజుతో,
నీ తమ్ముడు