తెర మీద మాయమైన గుర్తులు

చెల్లీ ఇబన్రీ,
షిల్లాంగ్‌లో మేమంతా కులాసా. నాన్న పోయాక ఊరికే గోడకి వేలాడుతోందని ఆయన గిటారు చర్చికి ఇచ్చేస్తానన్నావట. ఇవ్వకు, ఆగు.

మా అమ్మాయి దాఫిషా దగ్గర ఒక గిటారు, దానికో వీడియో గేము ఉన్నాయి. గిటారును టీవీకి కలిపితే, ఏ తీగ ఎక్కడ నొక్కాలో తెర మీద రంగు గుర్తులు వస్తాయి. ఆరు నెలలుగా టాక్సీ దిగగానే నాకదే పని. నిన్న పాట మధ్యలో గుర్తులన్నీ మాయమైపోయాయి. "పాడు టీవీ, ఇప్పుడే చావాలా!" అని అరిచాను. అమ్మాయి పడీపడీ నవ్వింది.

"టీవీకేం కాలేదు నాన్నా! నీకు పాట వచ్చేసిందని గేమే దాచేసింది. నీ చెయ్యి చూసుకో."

చూశాను. నేను తిడుతూనే ఉన్నాను, పాట మాత్రం ఆగలేదు! ఇరవై ఏళ్లుగా గేరు మార్చడం తప్ప ఏమీ ఎరగని ఎడం చెయ్యి చెల్లీ ఇది!

సుమో డ్రైవరు చేత పంపిన ఎండుచేపలు అందాయా? వంటింటి రేకు ఇంకా కారుతోందా? గిటారుకి చెమ్మ తగలకుండా దుప్పటి చుట్టు. పిల్లలకు ముద్దులు. "ఇంట్లో వాయించేవాళ్లెవరున్నారు?" అని అమ్మ మళ్లీ అంటే, పెద్దోడున్నాడని చెప్పు.

నీ అన్న
కిర్షాన్