ఫలకం మీది శత్రువు

మధూ,

క్షేమమేనా అని అడగడం లేదు. మన్సూరాబాద్ పార్కులో మీ అన్న విగ్రహం కింద "శత్రువులతో పోరాడుతూ అమరుడైన పైలట్" అని చెక్కించింది నువ్వేనట. ఫోన్‌లో నిలదీస్తే, "ట్రైనింగ్‌ల పోయిండంటే ఎవరు పట్టించుకుంటరు వదినా" అన్నావు.

శిక్షణ విమానం కూలుతుంటే మీ అన్న తన శిష్యుడు ఉపేంద్రను పారాచూట్‌తో ముందు బయటికి పంపి, తాను మిగిలిపోయాడు. ఆ ఉపేంద్ర మనింటికొచ్చి నీ భుజం మీదే ఏడ్చాడు. నీకన్నీ తెలుసు.

ఏటా వచ్చినట్టే నిన్నా వచ్చాడు. పార్కులో ఆ రాత చదివొచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

"ఆ రోజు సారు పక్కన ఉన్నది నేనొక్కణ్ణే కదండీ. మరి శత్రువంటే నేనేనా?" అన్నాడు.

అతని నంబరు ఈ ఉత్తరం వెనక రాశాను. జవాబు నువ్వే చెప్పు.

మీ అన్న భార్య