కళ్ళు మూసుకుంటే కనిపించే చోటు

చిరంజీవి సున్నివాకు తాత టోర్గేర్ దీవెనలు.

ఆవులు క్షేమం, కుక్క క్షేమం, నా మోకాళ్ళు ఎప్పటిలాగే నా మాట వినడం లేదు. శిబిరంలో చేపల సూపు చప్పగా ఉంటోందని రాశావు. ఉప్పు నువ్వే వేసుకో తల్లీ, వంటవాళ్ళతో పోట్లాడి గెలిచినవాడు మన లోయలో ఎవడూ లేడు.

తుపాకి పట్టేముందు ఒళ్ళు వదులు చేయడం నేర్పుతున్నారనీ, అదేమైనా పిచ్చిపనా అనీ అడిగావు. కాదు. మన పందెంలో మంచు మీద స్కీలతో కొండెక్కి వచ్చాక గుండె గొంతులో కొట్టుకుంటుంటే గురి ఎలా నిలుస్తుంది? మా రోజుల్లో హల్వార్డ్ అనే ఆయన మమ్మల్ని కొట్టంలో గడ్డి మీద పడుకోబెట్టి, ఆవు నెమరు వేసినంత నిదానంగా ఊపిరి తీయమనేవాడు. "ఒరేయ్ టోర్గేర్, గురి చూడమంటే గుర్రు పెడతావేంట్రా!" అని కాలితో పొడిచేవాడు. ఆ ఏడు నేను గెలవలేదు గానీ, అంత మంచి నిద్ర మళ్ళీ ఎన్నడూ పట్టలేదు.

ప్రశాంతమైన చోటు ఊహించుకోమని మీ శిక్షకురాలు అంటే, గడ్డకట్టిన మన సరస్సు మీద మీ అన్న యూస్టైన్ మంచుకు కన్నం పెట్టి చేపల కోసం కూర్చునే చోటు ఎంచుకున్నావట. వాడి వీపు కనబడగానే వేలు వణకడం ఆగిపోతోందని, గుండు తప్పడం లేదని రాశావు. వాడు ఫోనెందుకు ఎత్తడం లేదనీ అడిగావు.

ఫోను నీళ్ళలో పడిందని మీ అమ్మ చెప్పింది. అది నిజమే. ఫోనుతో పాటు వాడూ పడ్డాడు తల్లీ. పోయిన సోమవారం. వాగు వచ్చి కలిసే దగ్గర మంచు పలచగా ఉంటుందని వాడికి తెలుసు. నడక తగ్గుతుందని అడ్డంగా వచ్చాడు, మనమందరం వచ్చినట్టే. మర్నాడు దొరికాడు.

శుక్రవారం పందెం అయ్యేదాకా నీకు చెప్పొద్దనుకున్నాం. నేనూ తలూపాను. నిన్న మాత్రం ఇక దాచడం నావల్ల కాలేదు.

"దేశం జట్టులో దాని చోటు ఈ ఒక్క పందెంతో తేలిపోతుంది మావయ్యా. ఇప్పుడు చెబితే చెయ్యి నిలుస్తుందా?" అంది మీ అమ్మ.

"నిలవకపోతే పోనీ అమ్మాయ్. లేనివాణ్ణి చూసుకుంటూ కాల్చానని రేపు తెలిస్తే, అది మళ్ళీ ఎప్పుడైనా కళ్ళు మూసుకోగలదా?"

మీ అమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. "అయితే మీరే రాయండి. నాకు నోరు రాదు" అంది.

ఈ ఉత్తరం మీ నాన్న తెస్తున్నాడు. బయట కారులో ఉంటాడు. నువ్వు అక్కడే ఉండి పందెంలో దిగినా, వచ్చి కారెక్కినా, నిన్నెవరూ ఒక్క మాట అనరు.

అంత్యక్రియలూ శుక్రవారమే. పాస్టరుగారికి మరో రోజు కుదరలేదు. వాణ్ణి మోసే పెట్టెకు ఆరు పిడులు. ఐదు పిడులకు మనుషుల్ని చెప్పాం. వాడి తల దగ్గర, ఎడమవైపు పిడికి ఎవరినీ చెప్పలేదు. నువ్వు రాకపోతే అది నేను పట్టుకుంటాను.

ఇట్లు,
మీ ఇద్దరి తాత,
టోర్గేర్