గేటు దగ్గర ఆగిన చంకకర్ర

వేంపల్లె, 1954 మార్చి, సోమవారం

యుద్ధంలో తూటా దిగిన నా మోకాలికిచ్చే మిలిటరీ పింఛను దసరా నుంచి ఆగిపోయింది. ఎందుకాగిందో అడుగుదామని పొద్దున బస్సులో కడప వెళ్లాను. పింఛన్ల ఆఫీసు గేటు దగ్గరే కాపలా జవాను నా చంకకర్ర లాక్కున్నాడు.

"కట్టెలు లోపలికి తేగూడదప్పా. పోయిన వారం పార్టీలోళ్లు ఈడనే తలకాయలు పగలగొట్టుకున్యారు."

గోడ పట్టుకుని, బెంచీ పట్టుకుని, ఎవరిదో భుజం పట్టుకుని గుమాస్తా బల్ల దాకా చేరాను. ఆయన నన్ను చూసి మురిసిపోయాడు.

"కట్టె లేకుండానే వస్తివే! కాలు శానా నయమైనట్టుండాది." వెంటనే ఫైల్లో ఏదో రాశాడు.

"ఏం రాస్తాండారు సామీ?"

"అది నీకు చెప్పగూడదు. పైనుంచి జవాబొస్తాది, అప్పుడు చూసుకో."

ఎప్పుడొస్తుందో కూడా చెప్పకూడదట. నా కాలి గురించి నాకే తెలియకూడని రహస్యం ఏముంటుందో!

పడుతూ లేస్తూ గేటు దాకా వస్తే, జవాను కర్ర చేతికిస్తూ జాలిపడ్డాడు.

"ఇది లేకుంటే అడుగు తీసి అడుగు పెట్టలేవు గదప్పా. భద్రం."

ఆ ముక్కే కాగితం మీద రాసిమ్మని అడగాల్సింది. ఇప్పుడా తట్టేది!