పేతురా, పేతురు విశ్వాసమా

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున మీ అన్నయ్య పటాన్‌చెరు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, మీ సమాధికి షాబాదు బండ తెచ్చారు. బైబిల్లో ప్రభువు తన శిష్యుడు పేతురుతో ‘ఈ బండమీద నా సంఘాన్ని కడతాను’ అన్న మాటలో బండ అంటే పేతురేనని కతోలికుల్లో కలిసిన ఆయన, కాదు, పేతురు విశ్వాసమని మీరు వాదించుకుని, ఆరేళ్ళు మాటలు మానుకున్నారు కదా.

“మొండోడు, సచ్చి గెలిసిండు శాంతమ్మా! విశ్వాసమే బండ అని దీనిమీద చెక్కిస్త,” అంటూ ఆయన ఏడ్చారు.

నేను మంచినీళ్ళు మాత్రం ఇచ్చాను.

ఆఖరి వారం మీరు నా చెయ్యి పట్టుకుని, “అన్న చెప్పిందే నిజమని ఒప్పుకున్నట్టు చెప్పు. ఒక్కపారి రమ్మను,” అన్నారు. జ్వరంలో పలవరిస్తున్నారనుకుని నేను కబురు పంపలేదు. ఇవాళ కూడా ఆయనకు ఆ సంగతి చెప్పలేకపోయాను.