కనురెప్పల్లో కాపురం

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం, నా కనురెప్పలు తప్ప. మీరూ కులాసాయే అనుకుంటాను, మీ కనురెప్పలు తప్ప. ఆ సంగతేమిటో తేలేదాకా ఈ ఉత్తరం ముగించను.

అత్తయ్య మోకాలు ఎలా ఉందని అడిగారు. మెట్లు దిగుతున్నారు, నన్ను తిట్టడానికి ఎక్కుతున్నారు కూడా. హోటల్ లాండ్రీలో నన్ను ఇస్త్రీ నుంచి మళ్ళీ ఉతికే మిషన్ల దగ్గరికే మార్చారు.

రెప్పల మంట తగ్గక కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండు వెంట్రుకలు పీకి, మైక్రోస్కోపు కింద పెట్టి, నన్నూ చూడమంది. వెంట్రుక మొదట్లో సన్నటి పురుగులు కాళ్ళాడిస్తున్నాయండీ! చాలామంది పెద్దవాళ్ళకి ఉంటాయట, కొద్దిగా ఉంటే ఏమీ కాదట. మరీ పెరిగితే రెప్ప అంచున నూనె ఊరే గ్రంథులు మూసుకుపోయి, కన్నీళ్ళు త్వరగా ఆరిపోయి, మంట పుడుతుందట. "దిండూ తువ్వాలూ పంచుకుంటే ఒకరి నుంచి ఒకరికి అంటొచ్చమ్మా" అంది.

అంతే, మీ పోయిన ఉత్తరం మళ్ళీ తీశాను. సొరంగం పనిలో మీ కళ్ళూ మండుతున్నాయనీ, క్యాంపు వంటావిడ వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టిందనీ రాశారు. ఆవిడ కళ్ళెలా ఉన్నాయి? మీ తువ్వాలు ఎవరి తాడు మీద ఆరుతోంది? పన్నెండేళ్ళుగా పరాయివాళ్ళ దుప్పట్లు ఉతుకుతున్నాను. దిండు గలీబు చూస్తే దానిమీద ఎన్ని తలలు పడుకున్నాయో చెప్పగలను. మీ గలీబు పార్సిల్ చెయ్యండి.

ఇంతవరకూ చదివి వినిపిస్తే అత్తయ్య పకపకా నవ్వారు. "వాడి గలీబు సరే, నీది ఉతికి ఎన్నాళ్ళయిందే?"

డాక్టరమ్మా అదే అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వారానికోసారి ఉతుకుతానని తడబడుతూ అబద్ధం చెప్పాను. మీ దగ్గర ఆ అబద్ధం చెప్పలేను. రోజుకి నాలుగు వందల గలీబులు ఉతికే నేను, మీరు వెళ్ళిన ఈ ఎనిమిది నెలల్లో మీ దిండు గలీబు ఒక్కసారీ నీళ్ళలో పెట్టలేదు. మీ తల వాసన పోతుందని భయం. రోజూ దానిమీదే ముఖం ఆనించి పడుకుంటున్నాను. పురుగులు ఎవరి నుంచి ఎవరికొచ్చాయో తను చెప్పలేనంది డాక్టరమ్మ. నేనూ ఇక అడగను.

నిన్న దాన్ని మరిగే నీళ్ళలో వేశాను. తెల్లగా వచ్చింది, ఏ వాసనా లేదు. తాడు మీద ఆరేసి ఏడ్చాను. డాక్టరమ్మ చూస్తే, కళ్ళకి మంచిదే అనేది.

మీరూ పరీక్ష చేయించుకోండి. కాపడం మీ చేత్తో మీరే పెట్టుకోండి. సెలవు ఎప్పుడిస్తారో రాయండి. ఉతికిన గలీబు మీ దిండుకి తొడిగాను, దానిమీద నేను పడుకోవడం లేదు.

ఇట్లు,
మీ ఒక్కగానొక్క ఇంటావిడ